వాగు నడుమ పట్టు

"మళ్ళ చెప్పు. ఆట ఎప్పుడంట?"

"రేపు మధ్యాహ్నం. హైదరాబాద్‌ల."

"మొన్న రద్దయిందంటివి గద."

"మొన్న రద్దయింది నాయినా. ఇప్పుడు మళ్ళ పెట్టిన్రు. మేడం ఫోన్ చేసింది."

"మళ్ళ పెట్టినమని ఈ వానకు చెప్పిన్రా?"

సుజాత నవ్వలేదు. బొజ్జయ్య కూడా నవ్వించడానికి అనలేదు. తండ్రీ కూతుళ్ళిద్దరూ వాగు ఒడ్డున దిబ్బ మీద తడుస్తూ నిలబడి ఉన్నారు. కొత్తగుంపు అనే ఆ కోయగూడెంలో ఫోను మాట్లాడాలంటే ఆ దిబ్బ ఒక్కటే దిక్కు. గుంపు చుట్టూ అడవి, ముందు వాగు. వాగు దాటితే చర్ల రోడ్డు, ఆ రోడ్డు పట్టుకుంటే భద్రాచలం. మామూలు రోజుల్లో చెప్పులు చేత పట్టుకుని దాటే వాగు ఇవాళ ఎర్రనీళ్ళతో ఒడ్డును కోసుకుంటూ పోతోంది.

ఆ గుంపు నుంచి దేశం జట్టులోకి వెళ్ళింది సుజాత ఒక్కతే. ఆశ్రమ పాఠశాలలో కబడ్డీ ఆడుతుంటే కోచ్ ప్రసూన మేడం చూసి రగ్బీకి తీసుకుపోయింది. బంతిని వెనక్కే ఇయ్యాలి, మనిషి మాత్రం ముందుకే ఉరకాలి అని కూతురు చెప్పిన రోజు బొజ్జయ్య చాలాసేపు ఆలోచించి, మంచి ఆటే అన్నాడు. మొన్న విశాఖలో సముద్రం పక్కన ఆసియా దేశాల ఆడపిల్లల పోటీ జరిగింది. ఆటలోకి దిగేది జట్టుకు ఏడుగురు, పక్కన కొందరు అదనం. మనవాళ్ళు రెండు మ్యాచ్‌లు గెలిచారు. మూడోది కూడా గెలిస్తే ప్రపంచ పోటీకి పోతారు. సరిగ్గా అప్పుడే తుపాను వచ్చింది. గోలు స్తంభాలు పడిపోయాయి, డేరాలు లేచిపోయాయి, పిల్లలు దిగిన హాస్టల్లో బెస్తవాళ్ళ కుటుంబాలకు చోటివ్వాల్సి వచ్చింది. పోటీ రద్దన్నారు. పిల్లల్ని ఇళ్ళకు పంపేశారు. విమానాల కోసం హైదరాబాదు చేరిన విదేశీ జట్లు అక్కడే చిక్కుబడిపోయాయి. అందరూ ఒక్కచోటే ఉన్నారు కాబట్టి మిగిలిన మ్యాచ్‌లు అక్కడే ఆడిద్దామని పెద్దలు ఈ పొద్దున తేల్చారు. ఈలోగా తుపాను తీరం దాటి, సుజాత వచ్చిన దారినే అడవిలోకి వచ్చింది.

"ఇప్పుడైతే నడుము లోతు," అన్నాడు బొజ్జయ్య. "నేనూ పక్కింటి పోతయ్యా దాటిస్తం. ఇంకో గంటయితే మనిషిని నిలవనియ్యదు."

"వదిన సంగతి?"

"దానికింక దినాలున్నయి గద. నీళ్ళు తగ్గినంక తోలుకపోతం. నువ్వు పో."

వదిన నాగలత నిండు చూలాలు. కడుపులో బిడ్డ అడ్డం తిరిగి ఉందనీ, ఇంట్లో కాన్పు కాదనీ, ముందుగానే వచ్చి చేరమనీ భద్రాచలం దవాఖానాలో చెప్పి పంపారు. ఆమె మొగుడు, సుజాత అన్న గణేష్, పాల్వంచ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని చేస్తాడు. వచ్చే వారం సెలవు పెట్టి తనే తీసుకుపోతానన్నాడు.

ఆ నాగలతే ఇప్పుడు నెత్తిన యూరియా సంచి కప్పుకుని, చేతిలో బూట్ల జతతో దిబ్బ ఎక్కుతూ కనిపించింది.

"నువ్వెందుకొచ్చినవ్ వదినా ఈ బురదల?"

"బూట్లు మర్చిపోయినవ్."

"బూట్లు సంచిలనే ఉన్నయి."

"మరి గివేంది?"

"అవి పాతయి."

"నాకేం ఎరుక. ఆటకు పోతూ బూట్లు మర్చినవనుకున్న." నాగలత చెట్టుకు ఆనుకుంది. "రేపెవరితోటి?"

"జపానోళ్ళతోటి."

"పొడుగుంటరా?"

"ఉండరు. ఉరికితే మాత్రం చేతికి అందరు."

"నీ కంటే ఎక్కువ ఉరుకు..."

మాట సగంలో ఆగింది. నాగలత చెయ్యి పక్కనున్న కొమ్మను పట్టుకుంది. కొమ్మ వంగి, ఆకుల్లోని నీళ్ళు జలజలా రాలాయి.

"ఏమైంది?"

"కాలు జారింది."

"నిలబడ్డదానివి గద, ఎట్ల జారుతది?"

"బురద గద. నువ్వు మాట్లాడుకుంట ఉంటే పొద్దు పోతది. మామా, దాటించున్రి."

బొజ్జయ్య పోతయ్యను కేకేయడానికి దిగాడు. సుజాత కదల్లేదు. వదిన మొహం కేసి చూస్తూ నిలబడింది. నాగలత వాగు కేసి చూస్తూ, ఆట టీవీలో వస్తుందా అని అడిగింది. వస్తే పోతయ్య ఫోన్లో చూస్తామంది. గెలిస్తే కప్పు ఇంటికి తెస్తారా, అక్కడే పెట్టుకుంటారా అని అడిగింది. అంతలోనే మళ్ళీ కొమ్మ వంగింది. ఈసారి ఆమె కళ్ళు మూసుకుంది.

"ఎప్పటి సంది వదినా?"

"ఏంది?"

"నొప్పులు."

"ఏం నొప్పులు?"

"నా దిక్కు చూసి చెప్పు."

నాగలత చూడలేదు. "కోడి కూయకముందు సంది."

"ఎందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు పోతవా?"

సుజాత సంచి కింద పడేసింది.

"పడెయ్యకు. బట్టలు తడుస్తయి. నువ్వు పోయినంక అత్తకు చెప్దామనుకున్న. ఆడోళ్ళంత కన్లేదా ఏంది ఇండ్లళ్ళ."

"బిడ్డ అడ్డమున్నదన్నరు వదినా."

"అన్నరు."

"ఇంట్ల ఉంచితే ఇద్దరు దక్కరన్నరు."

"అన్నరు. నాకు చెవుల్లేవా."

అప్పుడు ఏడ్చింది నాగలత. పెద్దగా కాదు. ఈ దినమే వస్తదని నాకెట్ల ఎరుక అని ఒక్క మాట అని, సంచి కొసతో మొహం తుడుచుకుంది.

తర్వాత పనులన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. సుజాత అన్నకు ఫోన్ చేసింది. వాన చూసి మనసాగక తెల్లారే బయల్దేరాననీ, దుమ్ముగూడెం దాటాననీ చెప్పాడు గణేష్. అంబులెన్సుకు ఫోన్ చేస్తే రోడ్డు మీద చెట్లు కూలాయి, తీసేదాకా రాలేమన్నారు. గణేష్ ట్రాలీ ఆటో ఒకటి కిరాయికి మాట్లాడుకుని, కూలిన చెట్ల పక్కనుంచి పొలాల్లో తోలించుకుంటూ అవతలి ఒడ్డుకు వస్తానన్నాడు. ఇవతలి ఒడ్డు నుంచి అవతలికి నాగలతను చేర్చాల్సింది వీళ్ళే.

మళ్ళీ ఫోను మోగింది. ప్రసూన మేడం. సత్తుపల్లి దగ్గరి మనిషి, మాటలో కోస్తా యాస పోలేదు.

"ఎక్కడిదాకా వచ్చావమ్మా? బస్సెక్కావా?"

"లేదు మేడం."

"వాగు దాటావా?"

"దాటబోతున్నం."

"దాటేయ్ తల్లీ. సాయంత్రానికి భద్రాచలం చేరితే చాలు, కారు పంపిస్తాను. ఇక్కడ ఇద్దరికి దెబ్బలు, ఒకమ్మాయి చేరలేనంది. నువ్వు వస్తే ఏడుగురం. రాకపోతే జట్టే లేదు. వింటున్నావా?"

"వింటున్న."

"ఏమైంది, గొంతు అలా ఉంది?"

"వాన మేడం. సరిగ వినిపిస్తలేదు."

ఫోను ప్లాస్టిక్ కవర్లో చుట్టి జాకెట్లో పెట్టుకుంది.

పోతయ్య ఊళ్ళో బలమైన మనిషి. ముసలయ్య అనే ఇంకో అతన్ని వెంటబెట్టుకుని ట్రాక్టరు ట్యూబు మోసుకొచ్చాడు. సుజాత తల్లి జంపక్క కూడా వచ్చింది. వచ్చీ రాగానే కోడలి నడుముకు చీర గట్టిగా బిగించి, ట్యూబు మీద కూర్చోబెట్టి తాడుతో కట్టింది. దాటుడు కాదేమో, ఆగుదామా అన్నాడు ముసలయ్య.

"చేతులు చేతులు పట్టుకుంటే పట్టు నిలవదు," అంది సుజాత. "నేను చెప్పినట్టు పట్టున్రి. పక్కోని నడుము చుట్టు చెయ్యేసి, వెనక గుడ్డ పిడికిట్ల పట్టాలె. భుజానికి భుజం తగలాలె. నడుమ సందు ఉండొద్దు."

"ఇది మీ ఆటల పట్టా?" అడిగాడు పోతయ్య.

"అవ్."

"ఆటల నీళ్ళుండయి గద."

"ఉండయి. నెట్టేటోళ్ళు ఉంటరు."

బొజ్జయ్య ఎగువ పక్కన నిలబడ్డాడు. నీటి దెబ్బ ముందు తగిలేది అక్కడే. కూతురు అడ్డం చెప్పబోతే, ఈ వాగు నన్ను ఎరుగుతది, నిన్ను ఎరగదు అన్నాడు. అతని పక్కన సుజాత, ఆమె పక్కన ట్యూబు, దాని ముందు పోతయ్య, అవతల ముసలయ్య. అలా దిగారు.

నడుము దాకా బాగానే పోయారు. సుజాత అడుగు అనగానే అందరూ ఒకేసారి కాలు వేశారు, ఆగు అనగానే ఆగారు. ట్యూబు మీద నాగలత రెండు చేతులా తాడు పట్టుకుని, పళ్ళు బిగించి ఆకాశంలోకి చూస్తోంది. అవతలి ఒడ్డు మీద ఆటో, దాని ముందు గణేష్ కనిపించారు. ఏదో అరుస్తున్నాడు గానీ వినబడటం లేదు. నీళ్ళు రొమ్ముల దాకా వచ్చాయి. కాళ్ళ కింద ఇసుక కదిలిపోతోంది.

"ఎగువకు చూడు," అని ముసలయ్య అరిచిన మాట అందరికీ వినబడేలోపే దుంగ వచ్చింది.

వేళ్ళతో సహా కొట్టుకొచ్చిన చెట్టు మొద్దు అది. బొజ్జయ్యను పక్కటెముకల మీద కొట్టి, తిరిగి, దిగువకు పోయింది. అతని కాళ్ళు లేచిపోయాయి. సుజాత నడుము మీదున్న అతని చెయ్యి జారింది. ఆమె కుడిచేత్తో అతని మణికట్టు దొరకబుచ్చుకుంది. ఎడమచెయ్యి ట్యూబు తాడు మీద ఉంది. వాగు బలమంతా ఆమె కుడి భుజం మీద పడింది. లోపల ఏదో కలుక్కుమంది. చెయ్యి తనది కానట్టు అయిపోయింది.

ట్యూబు అడ్డం తిరగసాగింది. నాగలత ఒక వైపుకు వాలిపోతోంది.

"నాయినా, కాళ్ళు పెట్టు. కింద పెట్టు."

"అందుతలేవు."

"నన్ను పట్టుకో. పట్టుకో నాయినా."

బొజ్జయ్య నీళ్ళు మింగి, ఉమ్మి, కూతురు మొహంలోకి చూశాడు. ఇంట్లో తెలుగే ఎక్కువ మాట్లాడే మనిషి, అప్పుడు కోయ మాటలో చెప్పాడు, విడిచిపెట్టమని. ఒక్కసారే చెప్పాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. నీళ్ళు కళ్ళలో కొట్టాయి. కళ్ళు తెరిచి చూస్తే ఆమె కుడిచెయ్యి ఖాళీగా నీటి మీద తేలుతోంది.

ఒడ్డుకు ఎట్లా చేరారో ఆమెకు తెలియదు. గణేష్ నడుము లోతుకు దిగి ట్యూబు లాగాడు. పెళ్ళాన్ని ఒడ్డున పడుకోబెట్టి వెనక్కి తిరిగాడు.

"నాయిన ఏడి?"

ముసలయ్య వాగు కేసి చూపించాడు.

"నాయిన ఏడి సుజాతా?"

"నేను చెయ్యి ఇడిసిన."

"ఏంది?"

"పట్టుకున్న. ఇడిసిన."

గణేష్ వాగు కేసి ఒక అడుగు వేశాడు. వెనక నాగలత మూలిగింది. అతను అటు చూశాడు, ఇటు చూశాడు, మళ్ళీ అటు చూశాడు.

"నువ్వు ఈమెతోటి పో," అన్నాడు చివరికి. "నేను వాగెంబడి పోత." పోతయ్యను తీసుకుని ఒడ్డు వెంట దిగువకు ఉరికాడు. మలుపు తిరిగేదాకా అతను నాయినా, నాయినా అని పిలుస్తూనే ఉన్నాడు.

ట్రాలీ ఆటో వెనక సుజాత వదిన తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కుడిచెయ్యి పక్కన వేలాడుతోంది. ఆటో గుంతలో పడ్డప్పుడల్లా ఆమెకు కళ్ళు బైర్లు కమ్ముతున్నాయి.

"బండి ఆపమను," అంది నాగలత.

"ఎందుకు?"

"మామను చూడాలె. నా పానం ఏమన్న కానీ. ఆపమను."

"అన్న చూస్తుండు."

"నువ్వు ఈత ఎరిగినదానివి. నువ్వు పో. నేను ఒక్కదాన్ని పోత దవాఖానాకు."

"వదినా."

"నా తోటే గదా ఇదంత. పొద్దుగాల్నే చెప్తే నీళ్ళు తక్కువున్నప్పుడే దాటుదుము. నేనే మామను..."

"నోరు మూసుకో," అంది సుజాత. ఆమె వదినను ఏనాడూ అట్లా అనలేదు. గొంతు తగ్గించి మళ్ళీ చెప్పింది. "నువ్వు బతకాలె. నువ్వు గూడ పోతే, నేను ఆయన్ని ఎందుకు ఇడిసినట్టు?"

ఆటో భద్రాచలం చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

దవాఖానాలో నాగలతను నేరుగా ఆపరేషనుకు తీసుకుపోయారు. సాయంత్రమయ్యేసరికి ఆడపిల్ల పుట్టిందనీ, తల్లికి రక్తం పోయింది గానీ గండం లేదనీ చెప్పారు. నర్సు బిడ్డను చూపిస్తే, సుజాత ఎత్తుకోవడానికి చేతులు చాచబోయింది. కుడిచెయ్యి లేవలేదు. అప్పుడు గానీ ఆమెకు దెబ్బ తగిలిన సంగతి ఎవరికీ తెలియలేదు. డాక్టరు భుజం ఎక్కించి కట్టు కట్టాడు. ఎక్కిస్తున్నప్పుడు అరవలేదేమని అడిగాడు. ఆమె అన్నకు ఫోన్ చేయడానికి వరండాలోకి పోయింది.

గణేష్ ఫోను కలవలేదు. వానకు టవర్లు పడిపోయాయని వరండాలో ఎవరో అనుకుంటున్నారు. నాగలత మత్తులోంచి లేచిన ప్రతిసారీ మామ దొరికిండా అని అడిగింది. దొరుకుతడు, పడుకో అని సుజాత చెప్పింది. తెల్లవార్లూ అదే మాట.

పొద్దున ప్రసూన మేడం ఫోను చేసింది. నిన్న ఎన్నిసార్లు చేసినా కలవలేదనీ, భద్రాచలంలో కారు వెతికి వెతికి వెనక్కి వచ్చిందనీ చెప్పింది. కోపంగా లేదు. అలిసిపోయిన గొంతు.

"ఇక ఫర్వాలేదులే సుజాతా. ఆ వాన ఇక్కడికీ వచ్చేసింది. గ్రౌండంతా చెరువైంది. మ్యాచ్ రద్దు. ఇక పెట్టేది కూడా లేదన్నారు. చెరి సగం పాయింట్లు ఇచ్చారు. అవి మనకు చాలవు."

సుజాత ఫోను చెవికి ఆనించుకుని దవాఖానా మెట్ల కేసి చూస్తోంది.

"అయిపోయిందమ్మా. నువ్వు వచ్చినా జరిగేది కాదు. నీ తప్పేం లేదు, మ్యాచ్ సంగతి మనసులో పెట్టుకోకు. వింటున్నావా?"

"ఏ మ్యాచ్ మేడం?"

ఏం జరిగిందని మేడం మెల్లిగా అడిగింది. చెప్పడం మొదలుపెట్టి, వాగు నడుమ దాకా చెప్పి, సుజాత ఫోను పెట్టేసింది.

పది దాటాక నిన్నటి ట్రాలీ ఆటోనే దవాఖానా ముందుకొచ్చి ఆగింది. గణేష్ దిగాడు. వరండాలో ఉన్న చెల్లెల్ని చూసి చెయ్యెత్తి ఏదో అనబోయి, మెట్ల మీద కూలబడి భోరుమని ఏడ్చాడు. సుజాత గోడ పట్టుకుని దిగి ఆటో వెనక్కి వెళ్ళింది.

దుప్పట్లో చుట్టిన బొజ్జయ్య కళ్ళు తెరిచి ఉన్నాడు.

వాగు దిగువన మలుపులో నడినీట ఏరుమద్ది చెట్టు కొమ్మల్లో చిక్కుకున్నాడట. రాత్రంతా అక్కడే ఉన్నాడు. తెల్లారి కింది గుంపులో చేపలు పట్టేవాళ్ళు కేకలు విని తాళ్ళేసి దించారు. పక్కటెముకలు రెండు విరిగాయి. ఒళ్ళంతా నాని తెల్లబడిపోయింది.

మంచం మీద పడుకోబెట్టి సెలైను పెట్టాక, అతను మొదట కోడలి సంగతి అడిగాడు.

"నాగలత?"

"మంచిగున్నది. ఆడపిల్ల."

"ఏడ్చిందా?"

"ఏడ్చింది. ఏడుస్తనే ఉన్నది."

"మీ అమ్మకు కబురు చెప్పిన్రా?"

"పోతయ్య పోయిండు చెప్పనీకి. నీళ్ళు తగ్గినయంట."

బొజ్జయ్య కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "చెయ్యికేంది ఆ కట్టు?"

"ఏం లేదు. భుజం తప్పింది. ఎక్కిచ్చిన్రు."

"మరి ఆట?"

"అది రద్దయింది నాయినా."

"మళ్ళ పెడతరా?"

"పెట్టరు."

అతను తల ఊపాడు. కళ్ళు మూతలు పడుతున్నాయి. సుజాత మంచం పక్కన నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. నిన్నటి నుంచి గొంతులో పెట్టుకుని తిరుగుతున్న మాట ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని ఆమెకు తెలుసు.

"నాయినా."

"ఊ."

"నేను నీ చెయ్యి ఇడిసిన. నువ్వు ఇడువుమన్నవని కాదు. నాకు బలం చాలలే. ఎప్పుడు ఇడిసిన్నో గూడ ఎరుకలేదు. అందరికి గట్టిగ పట్టున్రని చెప్పిన. నేనే ఇడిసిన."

బొజ్జయ్య కళ్ళు తెరిచాడు. దుప్పట్లోంచి ఎడమచెయ్యి బయటికి తీసి, ఆమె ముందు మంచం అంచున పెట్టాడు. మణికట్టు చుట్టూ అయిదు వేళ్ళ గుర్తులు నల్లగా కమిలి ఉన్నాయి. అక్కణ్ణుంచి అరచేతి మీదుగా వేళ్ళ కొసల దాకా తోలు లేచిపోయి, నాలుగు గీతలు పొడుగునా ఎర్రగా ఉన్నాయి.

"ఇవి ఎవరి గోర్లు?" అన్నాడు.

సుజాత ఆ గీతల కేసి చూసింది.

"ఇడిసిన చెయ్యి ఇట్ల గీరుకపోదు బిడ్డా. నువ్వు ఇడువలే. నేనే గుంజుకున్న."